చేతితో చేసిన లూర్ నీళ్లలో పక్కకు ఒరిగిపోతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

పరకాల_గాలం
నాలుగు ఆదివారాలు కూర్చొని నాలుగు లూర్లు, అంటే చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎరలు, చెక్కాను. ఒక్కటీ సరిగ్గా ఈదడం లేదు. ఇంటికి దర్వాజలు చేయించినప్పుడు మిగిలిన టేకు ముక్క, 9 సెంటీమీటర్ల పొడవు. చేప ఆకారం బాగానే వచ్చింది. మూతికి కూల్‌డ్రింక్ సీసా కోసి నాలుక, అంటే బయటికి పొడుచుకొచ్చే చిన్న ప్లాస్టిక్ బిళ్ల, పెట్టాను. రంగు మా వదిన నెయిల్ పాలిష్. హుక్కులు తగిలించడానికి చిన్న స్క్రూ కొక్కేలు బిగించాను.

నీళ్లలో వేస్తే పక్కకు పడుకుంటుంది. మెల్లగా లాగితే ఎండుటాకులా వస్తుంది, వేగంగా లాగితే గిరగిరా తిరిగి దారమంతా మెలిపడుతుంది. అయినా మొన్న సాయంత్రం తామరాకుల పక్కన వేస్తే ఒక కొర్రమట్ట (కొర్రమీను) వచ్చి కొట్టింది. రాడ్ వంగిపోయింది. చేప ఒక్కసారి పైకి లేచి తల విదిలించింది, అంతే, దారం వదులైంది. తీసి చూస్తే కడుపు కింది హుక్ లేదు. స్క్రూ ఊడొచ్చిన చోట చిన్న రంధ్రం, చుట్టూ రంగు లేచిపోయి పచ్చి కర్ర కనబడుతోంది. ఆ చేప నోట్లో నా హుక్ ఉండిపోయిందన్న బాధ ఇంకా పోలేదు.

దుకాణంలో కొన్నవి మూడు నీళ్లలోని మొద్దులకు తట్టుకొని పోయాయి, ఒక్కొక్కటి 450 రూపాయలు. అందుకే సొంతంగా చేద్దామనుకున్నాను. కర్ర తప్పా, నాలుక తప్పా, బరువు తప్పా?

మానేరు_కాకా
కడుపులో బరువు ఎంత పెట్టావు తమ్మీ?

పరకాల_గాలం
ఏమీ పెట్టలేదు కాకా. టేకు బరువుగానే ఉంటుంది కదా అనుకున్నాను.

మానేరు_కాకా
అదే సంగతి. కర్ర ఎంత బరువుందనేది వేరు, ఆ బరువు ఎక్కడుందనేది వేరు. నీ చెక్కలో పైనా కిందా ఒకే బరువు. ఏది వీపో ఏది కడుపో నీళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఎటు వీలైతే అటు పడుకుంటుంది. కడుపు గీత వెంట సీసం పెడితే అది కిందికి గుంజుతుంది, వీపు వైపు తేలిక కర్ర పైకి లేపుతుంది. అప్పుడు నిలబడుతుంది. లాగినప్పుడు నాలుకకు నీళ్లు తగిలి పక్కకు తోస్తాయి, కడుపులో బరువు మళ్లీ నిలబెడుతుంది. మళ్లీ తోస్తాయి, మళ్లీ నిలబెడుతుంది. మనం ఈత అనేది ఆ ఊగులాటనే.

నేను లోయర్ మానేరు డ్యాంలో వాడే ఆ సైజు లూర్లకు 3 నుంచి 4 గ్రాములు పడుతుంది. కానీ నా లెక్క నీకు సరిపోకపోవచ్చు, కర్రను బట్టి మారుతుంది. రంగు వేయకముందే హుక్కులన్నీ తగిలించి గోలెంలో వేసి చూడు. సీసం ముక్కను ముందు రబ్బరు బ్యాండుతో కడుపుకు కట్టి, ముందుకూ వెనక్కూ జరుపుతూ పో. ఎక్కడ కడితే వీపు నీటిపైకి వచ్చి, తల వెంట్రుకవాసి కిందికి ఉంటుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టు. తొలిచేది అక్కడే.

కడెం_వాలుగ
కాకా చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మొదటి ఏడాదంతా కళ్లు, పొలుసులు, రెక్కలు చక్కగా దిద్దడానికే ఖర్చు పెట్టాను. షోకేసులో పెట్టుకునేటట్టు వచ్చాయి, చేప మాత్రం దగ్గరికి రాలేదు.

నిర్మల్_పునికి
కర్ర గురించి నేను చెబుతాను. టేకు చెడ్డది కాదు, కానీ దానికదే బరువు కాబట్టి కడుపులో సీసం పెట్టే వీలు తక్కువ, పెడితే మునిగిపోతుంది. తేలిక కర్రలో ఎక్కువ సీసం పెట్టవచ్చు, అప్పుడే ఊపు బాగా వస్తుంది. మా దగ్గర బొమ్మలు చేసే పునికి కర్ర దీనికి పుట్టినట్టే ఉంటుంది. చేతిలో పట్టుకుంటే దూది మూటలా ఉంటుంది, కత్తి పెడితే వెన్నలా తెగుతుంది, పెచ్చులు లేవవు. నిర్మల్ బొమ్మలన్నీ దానితోనే చేస్తారు.

ఒక్క మాట. అడవికి పోయి చెట్టు మీద గొడ్డలి వేయొద్దు. పునికి ఇప్పటికే తగ్గిపోయి కళాకారులకే దొరకడం కష్టమవుతోంది. బొమ్మలు చేసేవాళ్ల దగ్గర బొటనవేలంత ముక్కలు మిగులుతాయి, అడిగితే ఇస్తారు. మన లూర్‌కు అంతకన్నా పెద్దది అక్కర్లేదు.

భీమారం_బ్యాక్‌లాష్
పునికి దొరకని వాళ్లు బూరుగు వాడండి. పొలాల గట్ల మీద కావలసినంత.

నిర్మల్_పునికి
బూరుగు నేను ఒప్పుకోను. తేలికే, కానీ నీళ్లు పీల్చుకుంటుంది. ఎక్కడైనా పూత చిట్లిందంటే ఆ సాయంత్రానికే లోపలంతా ఉబ్బుతుంది.

భీమారం_బ్యాక్‌లాష్
పూత సరిగ్గా వేస్తే ఎందుకు ఉబ్బుతుంది అన్నా? నావి రెండేళ్లుగా నడుస్తున్నాయి. ముందు కర్ర సందులు మూసే సాండింగ్ సీలర్ మూడు చేతులు, ప్రతి చేతికీ నడుమ గరుకు కాగితం, ఆ తర్వాతే రంగు.

తూము_కాడ_తమ్ముడు
నిర్మల్ అన్నా, బొమ్మల ముక్కలు అతికించడానికి చింతగింజల లప్పం వాడతారు కదా. లూర్‌కు పనికొస్తుందా? మా అమ్మమ్మ ఇంట్లో చింతగింజలు బస్తా ఉన్నాయి.

నిర్మల్_పునికి
బొమ్మ అల్మారాలో ఉంటుంది, లూర్ చెరువులో ఉంటుంది తమ్మీ. చింత జిగురు తడికి కరిగిపోతుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురులో అదే కర్ర పొట్టు కలుపు, రాయిలా బిగుస్తుంది.

హన్మకొండ_సీడీ
ఇక నాలుక. కూల్‌డ్రింక్ సీసా ప్లాస్టిక్ పలుచన, లాగినప్పుడు వెనక్కి వంగిపోతుంది. నీ లూర్ గిరగిరా తిరగడానికి అది కూడా ఒక కారణం. పాత సీడీ తీసుకో. సీడీని పాలీకార్బొనేట్‌తో చేస్తారు, మందం 1.2 మిల్లీమీటర్లు, మనకు సరిగ్గా కావలసిందే. వెండి పూతను బ్లేడుతో గీకి, సెలోటేపు అంటించి లాగితే ఊడొస్తుంది, అడుగున అద్దంలా ప్లాస్టిక్ మిగులుతుంది. నేరుగా కత్తెర పెడితే పగులుతుంది. వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచి తీసి, కావలసినదానికన్నా కొంచెం పెద్దగా కోసుకో, అంచులు ఆకురాయితో దిద్దుకో.

కోణం చాలా ముఖ్యం. నాలుక నిటారుగా కిందికి దిగి ఉంటే లూర్ పైపైనే, బాగా ఊగుతూ వస్తుంది. ఒంటికి వరుసగా ముందుకు చాచినట్టు ఉంటే లోతుకు దూకుతుంది. మీ చెరువు ఎంత లోతు?

పరకాల_గాలం
కట్ట దగ్గర రెండు నిలువులు ఉంటుంది. నేను వేసే చోట నడుము లోతే. అడుగున నాచు, పైన తామరాకు, ఒక పక్క తుంగ.

హన్మకొండ_సీడీ
అయితే నిటారు నాలుక పెట్టు. చాచిన నాలుక పెడితే ప్రతిసారీ బుట్టెడు నాచు పట్టుకొస్తుంది.

పాత_చెప్పు_హుజూరాబాద్
నడుము లోతు, తామరాకు, తుంగ, కొర్రమట్ట అని అంటుంటే నాలుక గురించి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. కొర్రమట్టకు కావలసింది కప్ప. అది గాలి పీల్చడానికి ఎట్లాగూ పైకి వచ్చే చేప, దాని కళ్లు ఎప్పుడూ పైనే.

తెగిపోయిన హవాయి చెప్పు తీసుకోండి. మడమ దగ్గర మందంగా ఉంటుంది, అక్కడ బొటనవేలి సైజులో కప్ప ఆకారం కోయండి. మూతిని లోపలికి గిన్నెలా తొలవండి, లాగినప్పుడు అదే బుడుక్ బుడుక్‌మని నీళ్లు చిమ్ముతుంది. కడుపు కింద బ్లేడుతో చీలిక పెట్టి, పొడుగు కాడ ఉన్న రెండు హుక్కులను కొనలు పైకి వచ్చి వీపుకు ఆనుకునేటట్టు దించి అతికించండి. తామరాకు మీద నుంచి లాగినా చిక్కుకోదు, చేప నొక్కినప్పుడే రబ్బరు అణిగి కొనలు బయటికి వస్తాయి. కాళ్లకు రాఖీ పండుగ తర్వాత మిగిలిన జరీ పోగులు. ఖర్చు రెండు హుక్కులు, ఒక జిగురు ట్యూబు.

కడెం_వాలుగ
రాఖీ పోగుల ఆలోచన బాగుంది అన్నా. మా చెల్లెలికి మాత్రం చెప్పను.

మత్తడి_దుంకింది
మా నాయిన బతికున్న కప్ప పిల్లనే నడుము దగ్గర గుచ్చి, పొడుగు వెదురు కర్రతో తుంగల నడుమ ఆడించేవాడు. ఈ రబ్బరు, కర్ర ఏవీ దానికి సాటిరావు. పది వేస్తే ఎనిమిది పడేవి.

పాత_చెప్పు_హుజూరాబాద్
పడతాయి, కాదనను. నేను కూడా చిన్నప్పటి నుంచీ చాలా ఏళ్లు అట్లాగే పట్టాను. ఒకసారి కప్ప గుచ్చిన తర్వాత గంటసేపు కాళ్లు కొట్టుకుంటూనే ఉంది. నా కొడుకు పక్కనే కూర్చొని చూస్తున్నాడు. “దానికి నొస్తలేదా డాడీ” అని అడిగాడు. ఆ రోజు నుంచే చెప్పు కోయడం మొదలుపెట్టాను.

మత్తడి_దుంకింది
సరే అన్నా. మీ మాట కాదనలేను.

మిల్స్_కాలనీ_అక్క
సీసం గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడాలి. మా ఆయన పాత బ్యాటరీ సీసం తెచ్చి వంటింట్లో, గ్యాస్ పొయ్యి మీద, పాత గరిటెలో కరిగించాడు. నేను ఊరి నుంచి వచ్చేసరికి ఇల్లంతా వాసన, గట్టు మీద బూడిద రంగు పొడి, పక్కనే మా పాప అన్నం గిన్నె. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఒంట్లో చేరితే త్వరగా పోదు. బ్యాటరీ సీసంలో యాసిడ్ కూడా ఉంటుంది. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా ఒక్కసారిగా ఆవిరై సీసం మొహం మీదికి చిమ్ముతుంది.

ఇంకొకటి. గాలం వేసేవాళ్లు చీలిక ఉన్న చిన్న సీసం గుండును దారానికి పెట్టి పళ్లతో నొక్కుతారు. దయచేసి పటకారుతో నొక్కండి.

మానేరు_కాకా
అక్క చెప్పింది నిజం. నేను ముప్పై ఏళ్లు పళ్లతోనే నొక్కాను, ఇప్పుడు మానేశాను. కరిగించే అవసరమే లేదు తమ్మీ. దుకాణంలో గుండ్లు రెడీగా దొరుకుతాయి, రంధ్రంలో దించి ఎపాక్సీతో మూసేయ్. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కో.

తూము_కాడ_తమ్ముడు
సైకిల్ షాపులో చక్రం ఇరుసులో వేసే ఇనుప గోలీలు వాడితే?

మానేరు_కాకా
వాడవచ్చు. సీసం నీటికి 11 రెట్లకు పైగా బరువు, ఇనుము ఎనిమిది రెట్ల లోపే. కాబట్టి అదే బరువుకు రంధ్రం పెద్దది తొలవాలి. ఇంకో లాభం ఉంది, గోలీలను కదిలేటట్టు వదిలేస్తే లోపల టకటకమంటాయి. బురద నీళ్లలో ఆ చప్పుడుకు వాలుగ వస్తుంది.

భీమారం_బ్యాక్‌లాష్
అసలు సంగతి మరిచిపోయారు, హుక్ ఊడిపోవడం. స్క్రూ కొక్కెం మెత్తటి కర్రలో నిలవదు, తడి తగిలి కర్ర మెత్తబడ్డాక ఇంకా నిలవదు. లోపలి నుంచి ఒకటే తీగ పోవాలి. 1 మిల్లీమీటరు స్టీలు తీగ తీసుకో, ఇంటికి రాడ్లు కట్టే బైండింగ్ వైరు కాదు, అది వంగుతుంది, తుప్పు పడుతుంది. ముక్కు దగ్గర ఒక చుట్టు, కడుపు దగ్గర కిందికి ఒక చుట్టు, తోక దగ్గర ఒక చుట్టు, అంతా ఒకే తీగ. కడుపు గీత వెంట హ్యాక్సా బ్లేడుతో పొడుగునా గాడి కోసి తీగను అందులో దించి, సీసం కూడా అక్కడే కూర్చోబెట్టి, కర్ర పొట్టు కలిపిన ఎపాక్సీతో పూడ్చు. అప్పుడు కర్ర రెండుగా చీలినా చేప తీగ మీదే ఉంటుంది.

పరకాల_గాలం
ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ కొర్రమట్టకు నొప్పి తప్పేది. ఈ ఆదివారం మొదలుపెడతాను. నెయిల్ పాలిష్ సంగతి? పెచ్చులుగా లేస్తోంది.

కడెం_వాలుగ
నెయిల్ పాలిష్ మీద కొన్ని వార్నిష్‌లు వేస్తే ముడతలు పడుతుంది. ముందు ఒక పనికిరాని ముక్క మీద వేసి చూసుకో. పొలుసులకు ఉల్లిగడ్డల సంచి వల ఉంది కదా, దాన్ని లూర్ చుట్టూ బిగించి క్లిప్పులు పెట్టి పైనుంచి స్ప్రే కొట్టు. వల తీస్తే పొలుసులే. కళ్లకు చమ్కీలు. చివరి ఎపాక్సీ పూత వేశాక పక్కన పెట్టి పోవద్దు, కిందికి జారి కడుపు దగ్గర బొట్టులా గడ్డకడుతుంది. చేతిలో పట్టుకొని బిగుసుకునేదాకా తిప్పుతూనే ఉండాలి. నేను ఒక సినిమా చూస్తూ తిప్పుతాను.

మత్తడి_దుంకింది
ఇంత కష్టం ఎందుకు, స్టీలు చెంచా కాడ కోసి, రెండు చివరలా రంధ్రాలు వేసి, ఒక వైపు దారం, ఇంకో వైపు హుక్. అయిపోయె.

హన్మకొండ_సీడీ
అది కూడా మంచిదే, అసలు స్పూన్ లూర్ అట్లాగే పుట్టిందంటారు. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన చేతిలోని చెంచా పడవ మీద నుంచి జారి నీళ్లలో పడితే చేప వచ్చి కొట్టిందట. కథ ఎంతవరకు నిజమైనా, 1852లో ఆయన పేటెంట్ తీసుకున్నది నిజం. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో చేసిన మొదటి లూర్ కూడా ఇంటి సామానే. బెండును చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో చెక్కాడు, మీద చాక్లెట్ కాగితం రేకు చుట్టాడు, వార్నిష్ కొనడానికి డబ్బుల్లేక ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూసాడు. ఆయన చూసిందల్లా ఒకటే. గుంపులో వంద చిన్న చేపలున్నా పెద్ద చేప తేడాగా ఊగే దాన్నే పట్టుకుంటోంది. కాకా మొదట్లో చెప్పిన ఊగులాట అదే.

భీమారం_బ్యాక్‌లాష్
చెంచాకు ముందు స్వివెల్, అదే దారం మెలిపడకుండా తిరిగే చిన్న కొక్కెం, పెట్టడం మరవొద్దు. లేకపోతే మళ్లీ దారం మెలిపడే పంచాయితీ.

సండే_స్ట్రైక్
కొర్రమట్ట గ్యారంటీగా కావాలంటే ఇంత తిప్పలు అక్కర్లేదు. వానాకాలం నీళ్ల మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు కనబడుతుంది, నీళ్లు ఉడికినట్టు కదులుతుంటాయి. ఆ గుంపు నడుమ ఏం వేసినా కొడుతుంది. నేను పోయిన ఏడాది ఒకే చోట రెండు పట్టాను, రెండూ కిలోన్నర పైనే.

చెరువు_సంఘం
ఆ రెండూ తల్లీ తండ్రీ. కొర్రమట్ట ఆకలికి కొట్టదు అప్పుడు, పిల్లల దగ్గరికి ఎవరొచ్చినా తరమడానికి కొడుతుంది. రెండూ కాపలా కాస్తాయి. ఆ రెండింటినీ తీసేస్తే సాయంత్రంలోపు జెల్లలు, పరకలు, పిట్టలు కలిసి ఆ గుంపును తుడిచిపెడతాయి. నువ్వు పట్టింది రెండు చేపలు కాదు.

మాది మత్స్య సహకార సంఘం. చేప పిల్లలు వదిలేదీ, చెరువు కాపలా కాసేదీ మేమే, మా ఇళ్లు గడిచేది దానిమీదే. రాడ్ పట్టుకొని వచ్చేవాళ్లంటే మాకు కోపం లేదు. ఒక మాట అడిగి వేయండి, గుంపు కనబడితే జరిగి వేయండి. తెగిన నైలాన్ దారం కట్ట మీద పడేసి పోకండి, మొన్న ఒక కొంగ కాలికి చుట్టుకొని చచ్చిపోయింది.

సండే_స్ట్రైక్
అవి తల్లిదండ్రులని నాకు నిజంగా తెలియదు. గుంపును వేటాడటానికి వచ్చాయనుకున్నాను.

పాత_చెప్పు_హుజూరాబాద్
చాలామంది అట్లాగే అనుకుంటారు తమ్మీ. ఇప్పుడు తెలిసింది కదా, నీ పక్కన గాలం వేసేవాళ్లకు కూడా చెప్పు. కొర్రమట్ట మన తెలంగాణ రాష్ట్ర చేప.

తూము_కాడ_తమ్ముడు
పాకాల చెరువుకు పోదామనుకుంటున్నాం ముగ్గురం, అక్కడ వేయవచ్చా?

చెరువు_సంఘం
పాకాల అభయారణ్యం లోపల ఉంది. అటవీ శాఖ వాళ్లను అడగకుండా రాడ్ బయటికి తీయకండి.

పరకాల_గాలం
మూడు వారాల తర్వాత వచ్చాను. నిర్మల్ నుంచి ఒక బంధువు పునికి ముక్కలు తెచ్చాడు. అన్నలు చెప్పినట్టే చేశాను. లోపల ఒకటే తీగ, కడుపులో 4 గ్రాములు, సీడీ నాలుక. గోలెంలో మొదటిసారి వేసినప్పుడు దానంతట అదే వీపు పైకి తిప్పుకొని నిలబడింది. వేలితో పక్కకు నెట్టితే మళ్లీ లేచింది. మా పాప పది సార్లు నెట్టి చూసింది.

చెరువులో లాగితే రాడ్ కొనలో సన్నగా గజగజమని వణుకు తెలుస్తోంది. కానీ నిటారుగా రావడం లేదు, కుడి చేతి వైపు పోతోంది.

మానేరు_కాకా
ఆ వణుకు వచ్చిందంటే పని అయిపోయినట్టే. ఇక సర్దడమే. లూర్ కుడికి పోతుంటే ముక్కు దగ్గర దారం కట్టే తీగ చుట్టును పటకారుతో ఎడమకు వంచు. ఎటు పోవాలనుకుంటున్నావో అటు వంచాలి. వెంట్రుకవాసి వంచు, వేసి చూడు, మళ్లీ వంచు. ఎక్కువ వంచి వెనక్కి తిప్పడం మొదలుపెడితే తీగ అలసిపోయి విరుగుతుంది.

పరకాల_గాలం
రెండుసార్లు వంచాను కాకా, దారం గీసినట్టు వస్తోంది. పొద్దున ఆరున్నరకు తుంగ అంచున ఒక కొర్రమట్ట పడింది. ముప్పావు కిలో ఉంటుంది. కడుపు కింది ట్రెబుల్ హుక్‌కు (మూడు కొనల హుక్) ఉన్న ముళ్లలో రెండు దవడలో దిగాయి, తీయడానికి చాలాసేపు పట్టింది, రక్తం వచ్చింది. చిన్నదని వదిలేశాను, బాగానే ఈదుకుంటూ పోయింది. ట్రెబుల్ బదులు ఒంటి హుక్ పెడితే ఈత చెడుతుందా?

భీమారం_బ్యాక్‌లాష్
బరువు తగ్గుతుంది కాబట్టి కొంచెం మారుతుంది. కాస్త పెద్ద సైజు ఒంటి హుక్ పెట్టి మళ్లీ గోలెంలో చూసుకో. కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కేయ్, దారం వదులు చేయకపోతే చేప తప్పించుకోదు, తీసేటప్పుడు నోరు చీలదు. నాచు కూడా తక్కువ పట్టుకుంటుంది.

చెరువు_సంఘం
మీ పాపను కూడా కట్ట మీదికి తీసుకురా. మిరుగం వానలు పడి మత్తడి దుంకినప్పుడు చూడాల్సిందే.

హన్మకొండ_సీడీ
నాలుకలకు ఇంకా కావాలంటే మా ఇంట్లో పాత సీడీలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఈసారి హన్మకొండ చౌరస్తాకు వచ్చినప్పుడు మెసేజ్ పెట్టు, తెచ్చి ఇస్తాను. రెండు పునికి ముక్కలు నాకు పట్టుకురా.